ఆ కట్టెలు పక్కాయనవి

"నాకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. తన కట్టెలు తనవి కావని చెప్పుకునే మనిషిని ఇవాళే చూశాను."

పక్కింటి పెద్దాయన ఈ మాట అన్నది 2024 జనవరి 13న, శనివారం సాయంత్రం. తెల్లారితే భోగి. మిషిగన్‌లో హోవెల్ ఊరి బయట, మా ఇంటి ముందు రోడ్డు వారన పేర్చిన కట్టెల దగ్గర ఒక వ్యాన్ ఆగింది. అద్దానికి వేలాడుతున్న వినాయకుణ్ణి చూడగానే మనవాళ్ళే అనుకున్నాను. దిగినతను మనవాడే, అంతేకాదు, నా కింద నాలుగేళ్ళు పనిచేసిన కుర్రాడు. కాంటన్‌లో ఉంటాడు. పిల్లలకి భోగిమంట చూపిద్దామని, ఫోన్‌లో ప్రకటన చూసి ఇంతదూరం వచ్చాడు. ఆ ప్రకటన పెట్టింది నేనే, పేరు లేకుండా.

"అన్నా! మీరేంటి ఇక్కడ?"

నా చేతులకి తోలు గ్లౌజులు, జాకెట్ నిండా రంపం పొట్టు. "ఇవి పక్కాయనవి. ఊరికే సాయం చేస్తున్నా. నాది వేరే, దుంగల్ని పలకలు కోయిస్తుంటాను, హాబీలా" అన్నాను. తెలుగువాడితో ఇంగ్లీషులో అన్నాను. అబద్ధం ఆడాలంటే నాకు ఇప్పటికీ ఆ భాషే సులువు. దాంతో అవతల ట్రాక్టర్ పక్కన నిలబడ్డ పెద్దాయనకీ అర్థమైంది. అప్పుడేమీ అనలేదు. కుర్రాడు ఇచ్చిన డబ్బు తనే తీసుకుని, వ్యాన్ మలుపు తిరిగాక నోట్లు నా చేతిలో పెట్టి, ఆ మాట అన్నాడు.

ఆయనకి కోపం లేదు. నాకే వచ్చింది. ఆయనకేం తెలుసు? ఆయన తాత చెట్లు కోశాడు, నాన్న కోశాడు, ఈయన కోస్తున్నాడు. పూలమ్మిన చోట కట్టెలమ్మడం అనే మాట ఆయన పుట్టిన ఇంట్లో ఎవరూ అని ఉండరు. ఆ కుర్రాడు కూడా అనలేదు, నిజానికి. వ్యాన్‌లో కూర్చున్న వాళ్ళావిడా అనలేదు. కానీ ఆవిడ కిటికీలోంచి నన్ను చూసి నవ్విన నవ్వులో నాకు వినబడింది.

సంగతి మొదట్నించీ చెప్పాలి. 2022 చివర్లో మా ప్రాజెక్టు మూసేశారు. పదిహేడేళ్ళ ఉద్యోగం పావుగంట వీడియో కాల్‌లో అయిపోయింది. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి సరిపోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళకి అరవై రోజులే గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవడమే. నాకు టైముంది. టైమే ఉంది. యాభైకి దగ్గరపడ్డవాణ్ణి ఇంటర్వ్యూలకి పిలిచేవాళ్ళు, మర్యాదగా మాట్లాడేవాళ్ళు, తర్వాత మెయిల్ వచ్చేది.

2023 ఫిబ్రవరి 22న ఐస్ స్టార్మ్ వచ్చింది. ఆగ్నేయ మిషిగన్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. వాన చినుకు కొమ్మ మీద పడీపడగానే గాజులా గడ్డకట్టేస్తుంది. ఆ బరువుకి రాత్రంతా టపాకాయలు పేలుతున్నట్టు కొమ్మలు విరుగుతూనే ఉన్నాయి. పొద్దున చూస్తే మా ఐదెకరాల్లో రెండు ఎర్ర ఓక్‌లు, ఒక నల్ల వాల్‌నట్, ఎప్పుడో చచ్చి నిలబడ్డ యాష్ చెట్లు ఏడెనిమిది నేల మీద ఉన్నాయి. పెద్దాయన పిలవకుండానే చైన్‌సా పట్టుకుని వచ్చి, మా దారికి అడ్డం పడ్డవి తీసేశాడు. డబ్బిస్తే తీసుకోలేదు. "రేపు నాతో రా" అన్నాడు. ఆ వసంతమంతా ఊళ్ళో పడ్డ చెట్లు తియ్యడానికి ఆయన వెంట గంటకింతని కూలికి వెళ్ళాను. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా పెరట్లో పడ్డవాటి సంగతే తేలలేదు. కోయించాలా, కొట్టాలా?

ఇరవై అంగుళాల వ్యాసం, ఎనిమిదడుగుల పొడవున్న ఓక్ దుంగ తీసుకోండి. ఇక్కడ కలప కొలత బోర్డ్ ఫుట్: అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. డాయిల్ లెక్క అని ఒకటుంది. వ్యాసంలోంచి నాలుగు తీసేసి, మిగిలినదాన్ని నాలుగుతో భాగించి, వర్గం చేసి, పొడవుతో గుణిస్తే 128 బోర్డ్ ఫుట్‌లు. బ్యాండ్‌సా మిల్లుని ట్రైలర్ మీద ఇంటికే తెచ్చి కోసిపెట్టేవాళ్ళున్నారు. పచ్చి పలక బోర్డ్ ఫుట్ రెండున్నర డాలర్లకి పోయినా మూడొందల పైమాట. అదే దుంగని కొడితే? కట్టెలకి కొలత కార్డ్: నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల లోతు, ఎనిమిదడుగుల పొడవు. మా వైపు ఎక్కువగా అమ్మేది అందులో మూడో వంతు, ఫేస్ కార్డ్ అంటారు. పదహారంగుళాల ముక్కలు ఒకే వరస. నా దుంగని చీలిస్తే ఫేస్ కార్డ్‌లో సగం పైచిలుకు వస్తుంది. నేను ఫేస్ కార్డ్ వందకి ఇస్తున్నాను. అంటే దుంగకి అరవై.

మూడొందలెక్కడ, అరవై ఎక్కడ? దీన్ని స్ప్రెడ్‌షీట్‌లో వేసి పెద్దాయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. "కొమ్మలేవి?" అన్నాడు.

కొమ్మలు వెయ్యలేదు. చెట్టులో పలకకి పనికొచ్చేది మొదట్లో ఒకటో రెండో నిటారు దుంగలు. పైనున్నదంతా ఎలాగూ కట్టెలే. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. పచ్చి ఓక్ దుంగ ఆ సైజుది అర టన్ను బరువు, లేపడానికి ట్రాక్టర్ కావాలి. కోసిన పలకల మధ్య బద్దలు పెట్టి, గాలి ఆడేలా, వాన తగలకుండా పేర్చాలి. అంగుళం మందానికి ఏడాది ఆరాలి. ఫర్నిచర్ చేసేవాడికి అదీ చాలదు, వేడిగాలి గదిలో ఆరబెట్టి తేమ ఆరేడు శాతానికి దించింది కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి దగ్గర పెరిగిన చెట్టులో ఇనుముంటుంది.

నేను నమ్మలేదు. వాల్‌నట్ అన్నిటికంటే ఖరీదైన కలప, దాని మీదే ఆశంతా. మొదలు కోసి చూస్తే కొసన నల్లటి మరక, సిరా ఒలికినట్టు. ఈ ఇంట్లో మాకంటే ముందున్నవాళ్ళెవరో బట్టల తాడు కోసం మేకు కొట్టారు, చెట్టు దాన్ని మింగేసింది. చెక్కలోని వగరుకి ఇనుము తగిలితే ఇలా నల్లబడుతుంది. కలంకారీ నలుపు కూడా ఇదే కదా, కరక్కాయ పట్టించిన బట్టకి ఇనుము నీళ్ళు తగలడం! నాకు ఆ ముచ్చట గుర్తొచ్చి నవ్వొచ్చింది గానీ, మిల్లతనికి రాలేదు. బ్లేడు పోతే ఖర్చు నువ్వే భరించాలన్నాడు, ముందే.

అయితే కట్టెలు మాత్రం వెంటనే డబ్బా? అదీ కాదు. ఎర్ర ఓక్ చీల్చి పేర్చాక సరిగ్గా ఆరడానికి రెండేళ్ళు పడుతుంది. తేమ ఇరవై శాతం కిందికి రాకపోతే పొగే తప్ప మంట రాదు. వెంటనే అమ్ముడయ్యేది యాష్ ఒక్కటే. పచ్చిగా ఉన్నప్పుడే తేమ తక్కువ, ఇక చచ్చి నిలబడ్డది అయితే సగం ఎండే ఉంటుంది. అవి ఎందుకు చచ్చాయో చెబుతూ పెద్దాయన ఒకసారి ఇబ్బంది పడ్డాడు. పచ్చగా మెరిసే చిన్న పురుగు, బెరడు కింద వంకరటింకరగా తొలుచుకుపోతుంది. ఈ దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2002లో, ఈ కుర్రాడుండే కాంటన్‌లోనే. సరుకు పెట్టెల చెక్కలో వచ్చిందని అంటారు. కోట్ల చెట్లు పోయాయి. "ఆసియా నుంచి వచ్చి మా..." అని, నా మొహం చూసి ఆగిపోయాడు. నేను గొడ్డలి తీసుకుని పనిలో పడ్డాను. ఒకచోటి కట్టెలు ఇంకోచోటికి మోసుకెళ్ళొద్దని ఇక్కడ బోర్డులు పెట్టేది కూడా ఆ పురుగు వల్లే. ఆ శనివారం నేను ఆ కుర్రాడికి చెప్పాల్సింది ఇది. చెప్పింది వేరు.

ఇన్ని తెలిశాక కూడా నేను పలకలే అంటూ వచ్చాను. ఎందుకో ఆ రాత్రి పడుకుంటే తెలిసింది.

రాజమండ్రిలో మా తాతగారికి అడితి ఉండేది. రోడ్డు వైపు కలప: టేకు, మద్ది, వేగిస. వెనక సందు వైపు పుల్లలు: తుమ్మ, సరుగుడు, మామిడి. ఆయన రోజుల్లో పైనుంచి గోదారి మీద తెప్పలు కట్టి దుంగలు దింపేవారట. కలపకి వచ్చినవాళ్ళకి కుర్చీ, మజ్జిగ. ద్వారబంధానికి కర్ర ఎంచుకోవడానికి కుటుంబమంతా వచ్చేవాళ్ళు, ముహూర్తం కనుక్కుని. పుల్లలకి వచ్చినవాళ్ళు నిలబడే కొనుక్కుని, తలమీద పెట్టుకుని పోయేవాళ్ళు. ఒక్కోసారి రాత్రిపూట ఎవరో వచ్చి నెమ్మదిగా మాట్లాడితే, తాతగారు ధర మాట్లాడకుండా తూకం వేయించేవారు. అవి ఏ పనికో మాకు చెప్పక్కర్లేదు. అంటే మా ఇంట్లోనే ముందు వాకిలి, వెనక వాకిలి ఉన్నాయి. మా నాన్నగారి కాలానికి గ్యాస్ వచ్చింది, దీపం పథకం వచ్చింది, వెనక వాకిలి మూతపడింది, కొన్నేళ్ళకి ముందుదీ. లెక్కల్లో తక్కువ మార్కులొస్తే నాన్నగారు అనే మాట ఒక్కటే: "చదవకపోతే పుల్లలు కొట్టుకుంటావు."

కొట్టుకుంటున్నాను. చదివాక కూడా.

పోనీ ఇక్కడివాళ్ళకి కట్టెల మీద అంత గౌరవమా అంటే, అదో విడ్డూరం. చలికాలానికి ముందే గోడ కట్టినంత శ్రద్ధగా పేరుస్తారు. బెరడు పైకా కిందకా అని గంట సేపు వాదించుకుంటారు. రోడ్డు పక్కన కట్టెలు, పక్కన ఇనప డబ్బా, 'కట్ట 5 డాలర్లు' అని అట్ట ముక్క. మనిషుండడు. డబ్బాలో డబ్బులుంటాయి. నేను మొదటి నెల రోజూ కట్టలు లెక్కపెట్టి, నోట్లు లెక్కపెట్టేవాణ్ణి. ఒక్కసారి తప్ప తేడా రాలేదు. ఆ ఒక్కసారీ ఐదు డాలర్లు ఎక్కువున్నాయి. మన దగ్గరైతే డబ్బా కూడా ఉండదని మా ఆవిడ అంది. నాకు రోషం వచ్చింది. వీళ్ళకి కట్టె సరదా, చుట్టూ కూర్చుని బీరు తాగే మంట. మా అమ్మమ్మకి అది ఊదుగొట్టం, కళ్ళమంట, మూడు పూటల వంట. సరదాకి కొనేదాంట్లో నిజాయితీ చూపించడం పెద్ద కష్టమా? అన్నాను గానీ, ఆ ఎక్కువొచ్చిన ఐదు డాలర్లకి నా దగ్గర జవాబు లేదు.

ఆదివారం పొద్దున, అక్కడ భోగి సాయంత్రం, వీడియో కాల్ చేశాం. ఉద్యోగం పోయిన సంగతి నాన్నగారికి తెలుసు, ఇది తెలీదు. మాటల మధ్యలో మా అమ్మాయి ఫోన్ పట్టుకుని బయటికి పరిగెత్తింది. "తాతా, డాడీ కట్టెలు చూడు!" నేను చెప్పులు వేసుకుని వెళ్ళేసరికే ఆయన చూస్తున్నారు.

"ఆపమ్మా. వెనక్కి తిప్పు. ఆ పడున్నవేంట్రా?"

"ఓక్ అని నాన్నగారూ, ఇక్కడి కర్ర."

"ఎన్నాళ్ళయింది పడి?"

"ఏడాది కావస్తోంది."

"కొసలకి తారు పూశావా?"

పూయలేదు. ఉద్యోగం వచ్చేస్తుంది, అప్పుడు ఎవరికైనా అప్పజెబుదాం అనుకుంటూ వదిలేశాను. పెద్దాయన కూడా ఇంట్లో మిగిలిన రంగన్నా పూయమని రెండుసార్లు చెప్పాడు.

"పేడన్నా పుయ్యొద్దూ? బీటలిచ్చేసింది చూడు, జానెడు పోయింది అటూ ఇటూ. అడితిలో పుట్టినవాడివేనా నువ్వు?"

తిట్టు అక్కణ్ణించి వస్తుందని నేను అనుకోలేదు. తలొంచుకుని నిలబడ్డాను. మా అమ్మాయి కెమెరా నా మొహం మీదే పెట్టింది.

"పుల్లలు ఎంతకిస్తున్నావు?"

ఫేస్ కార్డ్ అంటే ఏం అర్థమవుతుంది? ఎండినది అర టన్ను పైన తూగుతుంది, వంద డాలర్లు అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. పెదాలు కదులుతున్నాయి, లెక్క వేస్తున్నారు.

"టన్ను పదహారు వేలా!" అని లోపలికి తిరిగి, "ఏమేవ్, విన్నావా, పుల్లలు టన్ను పదహారు వేలట" అని కేకేశారు. మళ్ళీ ఇటు తిరిగి, "మరి పలకలెందుకురా నీకు?"

నేనేదో చెప్పబోయాను. ఆయన వినడం లేదు, ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూస్తున్నారు.

"ఆ చివరిది మాత్రం కొట్టకు. నిటారుగా ఉంది. కొసలు కోసి పారేసినా ఏడడుగులొస్తుంది. ద్వారబంధం నిలువుకి సరిపోద్ది."

"ఇక్కడ గుమ్మాలు షాపులో రెడీమేడ్‌గా దొరుకుతాయి నాన్నగారూ."

"దొరికితే దొరకనీ. ఉంచు."

సోమవారం పెద్దాయన ట్రాక్టర్ తెచ్చాడు. ఆ ఒక్క దుంగ మీద సుద్దతో గీత గీసి, కొసలకి గరాజ్‌లో ఉన్న నీలం రంగు పూసి, అడుగున కర్రలు పెట్టి పక్కకి దొర్లించాం. మిగతా ఓక్ అంతా కట్టెలు చీల్చే మిషన్, స్ప్లిట్టర్ దగ్గరికి పోయింది. అది ఆరేసరికి రెండేళ్ళు. కాంటన్ కుర్రాడికి మాత్రం ఇంకా ఫోన్ చెయ్యలేదు.