అసిత్ ఎన్నిసార్లు కాటేశాడు: రెండో భాగం పని పుస్తకం

మొదటి వారం

నేను రాస్తున్న రక్తపిశాచి ప్రేమకథ రెండో భాగం చిత్తుప్రతి ఏడుగురు పాఠకుల చేతికి వెళ్ళింది. 34 అధ్యాయాలు, 62 వేల మాటలు. మొదటి భాగం 54 వేల దగ్గర ఆగింది కాబట్టి ఇది కాస్త ఒళ్ళు చేసినట్టే. ఏడుగురిలో అయిదుగురు మొదటి భాగం చదివినవాళ్ళు. మిగిలిన ఇద్దరికి రక్తపిశాచి అసిత్ ఎవరో, అతను ప్రేమించే ఇందుమతి ఎవరో, వాళ్ళిద్దరూ ఆ పాడుబడ్డ కోటలో ఎందుకు ఉంటున్నారో తెలియదు. ఆ ఇద్దరినీ కావాలనే ఎంచుకున్నాను.

మొదటి భాగం అప్పుడు అందరినీ "ఎలా ఉంది?" అని అడిగాను. "బాగుంది" అన్నారు. ఆ మాటతో ఒక్క వాక్యం కూడా దిద్దుకోలేం. ఈసారి మూడు గుర్తులు మాత్రం పెట్టమన్నాను. ప్రతిని పక్కన పెట్టి లేచిపోయిన చోట చుక్క. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోట అడ్డగీత. నమ్మబుద్ధి కానిచోట ఇంటూ. వీటితోపాటు 10వ అధ్యాయం చివర, 20వ అధ్యాయం చివర ఒక ఖాళీ కాగితం ఉంచి "ఇక్కడి నుంచి ఏం జరుగుతుందని అనుకుంటున్నారు?" అని రాశాను. నచ్చిందా లేదా అన్న ప్రశ్న ఎక్కడా లేదు.

అక్షరాలు 14 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఎడం, కుడివైపు మూడువేళ్ళ వెడల్పున ఖాళీ. కాగితానికి ఒకవైపే అచ్చు. రెండువైపులా అచ్చు వేస్తే వెనక పుటలో రాసిన మాటలు ముందుకు కనపడి గందరగోళమవుతుంది, ఇది మొదటి భాగం నేర్పిన పాఠం.

మూడో వారం

అయిదు ప్రతులు వెనక్కి వచ్చాయి. గళ్ళకాగితం మీద నిలువునా అధ్యాయాలు, అడ్డంగా పాఠకులు వేసుకుని గుర్తులన్నీ ఎక్కిస్తున్నాను. ఇంకా రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి కానీ బొమ్మ అప్పుడే కనిపిస్తోంది. 17 నుంచి 21 వరకు చుక్కలే చుక్కలు. ఆ అయిదు అధ్యాయాలే నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. వెన్నెల, కోట బురుజు, అసిత్, ఇందుమతి, మెడ మీద రెండు ఎర్రటి గాట్లు. కలం దానంతట అదే పరుగెత్తిన పుటలు అవి. చదివేవాళ్ళు సరిగ్గా అక్కడే లేచి వెళ్ళిపోయారు.

ముందుమాటలా పెట్టిన మూడు పుటల "జరిగిన కథ"ను మొదటి భాగం చదివినవాళ్ళు దాటేశారు, చదవనివాళ్ళు రెండుసార్లు చదివి కూడా అర్థం కాలేదన్నారు. తీసేశాను. 140 మాటలు మిగిల్చి మొదటి మూడు అధ్యాయాల్లో కలిపాను.

నాలుగో వారం

పగటి వెలుగు గొడవ. 5వ అధ్యాయంలో అసిత్ మిట్టమధ్యాహ్నం కోట ప్రాంగణంలో నడుస్తాడు. ముగ్గురు ఇంటూ పెట్టారు. "రక్తపిశాచి ఎండలో కాలిపోవాలి కదా" అని ఒకరు రాశారు.

నాకు పౌరుషం వచ్చింది. 1897లో వచ్చిన నవలలో డ్రాక్యులా పగలు కూడా తిరుగుతాడు, శక్తులు తగ్గుతాయి, అంతే. సూర్యకాంతి తగిలితే నశించిపోవడమన్నది 1922 నాటి మూకీ చిత్రం 'నోస్ఫెరాటు' తర్వాత బలపడిన ఊహ. ఈ రెండు వాక్యాలు రాసి ఆ పాఠకుడికి పంపాను కూడా. ఆయన జవాబు ఒక్క వరుస: "మీ మొదటి భాగం 3వ అధ్యాయం మళ్ళీ చదవండి."

చదివాను. అక్కడ కిటికీ సందులోంచి పడిన ఎండకు అసిత్ చేతి మీద బొబ్బ లేస్తుంది. రాసింది నేనే. రెండో భాగం రాసేవాడికి సాహిత్య చరిత్ర చట్టం కాదు, తన మొదటి భాగమే చట్టం. ఆ సాయంత్రమే కూర్చుని పాత ప్రతిలోంచి నియమాలన్నీ విడిగా రాసుకున్నాను. అద్దం, ఎండ, గడప దాటడం, గాయాలు మానే వేగం, ఆకలి ఎన్నాళ్ళకు వస్తుంది, ఇలా 23 తేలాయి. వాటిలో నాలుగింటిని రెండో భాగంలో తుంగలో తొక్కాను. 5వ అధ్యాయం మబ్బు పట్టిన సాయంత్రానికి జరిగింది. మధ్యాహ్నం పోవడం వల్ల ఒక మంచి వర్ణన పోయింది, దాని మీద బెంగ ఇంకా తీరలేదు.

అయిదో వారం

ఏడు ప్రతులూ వచ్చాయి. నలుగురు నాలుగు రకాలుగా ఒకటే మాట అన్నారు: అసిత్ మెత్తబడ్డాడు. మా అక్క అయితే మార్జిన్‌లో "నీ అసిత్ ఇప్పుడు ఎవరినీ భయపెట్టడం లేదు, అల్లుడిలా ఉన్నాడు" అని రాసింది. రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు.

20వ అధ్యాయం చివరి ఖాళీ కాగితం మీద ఆరుగురు ఒకే జవాబు ఇచ్చారు: జ్యేష్ఠ వస్తుంది, యుద్ధం అవుతుంది. జ్యేష్ఠ అంటే అసిత్‌ను రక్తపిశాచిగా మార్చిన పెద్దామె. కథలోని భయమంతా ఆమె నెత్తిన పెట్టి, ఇతన్ని ప్రేమించడానికి ఖాళీగా వదిలేశానన్నమాట. ఈ సంగతి కాగితం మీద వరుసగా ఆరు జవాబులు చూస్తే తప్ప తట్టలేదు.

దిద్దుబాటు మొదలుపెట్టాను. తప్పు దిద్దుబాటు అని అప్పుడు తెలియదు. 12వ అధ్యాయం కొత్తగా రాశాను, 2,100 మాటలు. అందులో అసిత్ ఒక కాపలావాడిని చంపేస్తాడు. రక్తం, అరుపులు, అన్నీ ఉన్నాయి. ముగ్గురికి మళ్ళీ ఇచ్చాను. చుక్కలు కదల్లేదు. ఒకామె రాసిన మాట: "చెడ్డవాడయ్యాడు, ప్రమాదం మాత్రం కాలేదు." ఆమెకు ఆ కాపలావాడితో ఏ సంబంధమూ లేదు, పేరు కూడా లేనివాడు, పోతే పోయాడు. ఆమె కన్ను ఇందుమతి మీద ఉంది.

ఆరో వారం

ఏడుగురిలో ఒకరు రక్తనిధిలో పనిచేస్తారు. ఆమె ప్రతి చూస్తే నవ్వు వచ్చింది, ప్రేమ సన్నివేశాల పక్కనంతా లెక్కలు. 22వ అధ్యాయంలో ఇందుమతి జ్యేష్ఠను తప్పించుకుని బురుజు మెట్లు రెండు వందలు పరుగున ఎక్కే చోట పెద్ద ఇంటూ, దాని కింద "ఈ అమ్మాయి ఎలా ఎక్కిందో చెప్పండి" అని ఉంది.

ఫోను చేసి అడిగాను. గంటసేపు చెప్పారు. నేను రాసుకున్నది ఇది.

55 కిలోల మనిషి ఒంట్లో ఉండే రక్తం దాదాపు మూడున్నర లీటర్లు. నా ప్రతి ప్రకారం అసిత్ 19 రోజుల్లో ఆరుసార్లు తాగాడు. ఒక్కొక్కసారి దాత ఇచ్చే సంచి అంత, అంటే 350 మిల్లీలీటర్లు అనుకుంటే మొత్తం రెండు లీటర్లు దాటింది. ఒకేసారి పోలేదు కాబట్టి చావదు. పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో ఒళ్ళు పూడ్చుకుంటుంది. ఎర్రకణాలు పూడడానికి మాత్రం వారాలు పడుతుంది. రక్తదాతను మళ్ళీ రమ్మనడానికి కనీసం ఎనిమిది వారాలు, చాలాచోట్ల అంతకంటే ఎక్కువ ఆగేది అందుకే. 13 ఉన్న హిమోగ్లోబిన్ ఆరోసారికి 7, 8 మధ్యకు దిగుతుంది. ఇనుము సంగతి ఇంకా ఘోరం. ఒక మిల్లీలీటరు మామూలు రక్తంతో దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది, రక్తం పలచబడేకొద్దీ కాస్త తగ్గినా ఆరుసార్లకు ఏడు వందల మిల్లీగ్రాముల దాకా తేలుతుంది. సాధారణంగా స్త్రీ ఒంట్లో నిల్వ ఉండే ఇనుము అందులో సగం కూడా ఉండదు.

"మరి ఎలా ఉంటుందండీ ఆమెకు?" అని అడిగాను.

"పది మెట్లకే ఆయాసం. గుండె దడ చెవుల్లో వినిపిస్తుంది. చేతులు చల్లగా ఉంటాయి, కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతుంది. కొందరికి మంచుముక్కలు నమలాలని విపరీతంగా అనిపిస్తుంది. మీరు రాసినట్టు చెక్కిళ్ళు గులాబీల్లా మాత్రం ఉండవు."

ఫోను పెట్టేశాక 17వ అధ్యాయం తీశాను. ఆరు కాట్లు. ఆరింటికీ వెన్నెలే తప్ప ఖర్చు లేదు. కాటును ముద్దుగా మార్చేశాను, ముద్దుకు ఎవరు భయపడతారు? అసిత్ మెత్తబడింది 12లో కాదు, 17లో. కాపలావాడి అధ్యాయం కొట్టేశాను. చచ్చినవాడు మళ్ళీ బతికాడు, రక్తపిశాచి కథలో ఇది పెద్ద వింత కాదు.

ఎనిమిదో వారం

పట్టు వదలని విక్రమార్కుడిలా మళ్ళీ చెట్టెక్కి శవాన్ని భుజాన వేసుకున్నాను. 17 నుంచి 22 వరకు మొదటి నుంచి రాత. రోజుకు 700 మాటలు, 16 రోజులు. పాత ప్రతిని కళ్ళ ముందు పెట్టుకోలేదు, పెట్టుకుంటే మంచి వాక్యాలు బతిమాలుకుంటాయి.

ఆరు కాట్లు మూడయ్యాయి. అసిత్ దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంది ఇప్పుడు, తాగిన తేదీలు అందులో రాసుకుంటాడు. ఎన్ని రోజులు ఆగాలో అతనికి తెలుసు, శతాబ్దాల అనుభవం. ఆకలి ఆ లెక్కకు లొంగదు. ఇందుమతి చలికాలం తెల్లవారుజామున తొట్టి మీద పేరుకున్న మంచును గోళ్ళతో గీరి నములుతుంది, ఎందుకో ఆమెకు తెలియదు. పాఠకుడికి తెలుస్తుంది. రెండో కాటు తర్వాత అతను దూరంగా ఉంటున్నాడన్న బాధతో ఆమె పుస్తకం తెరిచి తేదీ మారుస్తుంది. ఆ తేదీ నమ్మి అతను మూడోసారి తాగుతాడు. మెట్ల దగ్గర ఆమె పరుగెత్తదు. పదకొండో మెట్టు మీద కూర్చుండిపోతుంది, పైనుంచి జ్యేష్ఠ దిగివస్తుంది.

నవల ముందు ఒక పుట కూడా చేర్చాను. రక్తం, బంధించడం, చావు, మోసం ఇందులో ఉన్నాయని నాలుగు వరుసలు. ఏ అధ్యాయంలోనో చెప్పలేదు. ఇద్దరు అది ఉంటేనే చదువుతామన్నారు, ఒకరు కథ తెలిసిపోతుందన్నారు. మోసం అన్న మాట తీసేయాలా అని ఇంకా చూస్తున్నాను.

పదో వారం

కొత్త అధ్యాయాలు నలుగురికి ఇచ్చాను: పాతవాళ్ళు ఇద్దరు, ఇంతకుముందు ఒక్క పుట కూడా చదవనివాళ్ళు ఇద్దరు. 17 నుంచి 21 మధ్య చుక్కలు రెండే. అడ్డగీతలు తొమ్మిది, అందులో నాలుగు తేదీ మార్చే పేరా దగ్గరే. ఖాళీ కాగితాల మీద నాలుగు జవాబులూ వేరువేరు. ఒకరు అసిత్ ఆమెను తనలా మార్చేస్తాడన్నారు, ఒకరు వదిలి వెళ్ళిపోతాడన్నారు, ఒకరు జ్యేష్ఠే ఆమెను కాపాడుతుందన్నారు. ఇది నాకు తట్టనే లేదు, దొంగిలించే ఆలోచనలో ఉన్నాను. నాలుగోది మా అక్క కాగితం. ఊహ ఏమీ రాయలేదు, తిట్లు రాసింది. అసిత్‌కు కాదు, ఇందుమతికి. "ఆ పిల్లను రెండు తగిలించాలి" అట.

రక్తనిధి ఆవిడ ఒక్క దిద్దుబాటే పంపారు: మూడో కాటు తర్వాత ఇందుమతి లేచి నిలబడేటప్పుడు గోడ పట్టుకోవాలి, ఒక్కసారిగా లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. చేర్చాను. ఏడు మాటలు.

ప్రస్తుతం 57 వేల మాటలు. 23 నుంచి 33 వరకు కొత్త కథకు తగ్గట్టు సర్దాలి. 26వ అధ్యాయంలోని యుద్ధం బహుశా పూర్తిగా పోతుంది. 34 ముట్టుకోలేదు. నిన్న రాత్రి అక్క ఫోను చేసి, తేదీ మారిందని అసిత్‌కు ముందే తెలుసా అని అడిగింది. తెలియదని చెప్పబోయి ఆగాను. పుస్తకంలో రాత అతనిది, అంకె ఆమెది. మూడు వందల ఏళ్ళుగా తన చేతిరాత చూసుకుంటున్నవాడు పోల్చుకోలేడా? 21వ అధ్యాయం ఈరోజు మళ్ళీ తెరిచాను.