ఫ్రీజర్ శాండ్‌విచ్‌లు, మా అమ్మాయి స్కూలు

మా ఆవిడ నర్సు. వారం మారితే డ్యూటీ వేళలు మారిపోతాయి. అందుకని ఇంట్లో నాలుగు లంచ్ బాక్సులూ కట్టే బాధ్యత నేనే తీసుకున్నాను. పొద్దున్నే స్కూలు బస్సు వచ్చేలోపు కూర వండి, చపాతీలు కాల్చడం అయ్యే పని కాదని, ఆదివారం సాయంత్రమే వారానికి సరిపడా శాండ్‌విచ్‌లు చేసి ఫ్రీజర్‌లో పెడుతున్నాను. నిన్న స్కూల్లో జరిగింది చెప్పడానికే ఇది రాస్తున్నాను కానీ, ముందు పని సంగతి చెప్పేస్తాను.

చేయడం సులువే. రొట్టె ముక్కలకు అంచుల దాకా వెన్న రాయాలి. కూరలోని తడి రొట్టెలోకి దిగకుండా ఆపేది అదే. బంగాళాదుంప కూరైనా, పనీర్ భుర్జీ అయినా పూర్తిగా చల్లారాకే పెట్టాలి. ఒక్కొక్కటి విడిగా ఫాయిల్‌లో చుట్టి, గాలి లేకుండా జిప్ కవర్లో వేసి, పైన తేదీ రాయాలి. కీరా, టమాటా మాత్రం వద్దు. వాటిలో ఉన్నదంతా నీరే. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణాల గోడలను చీల్చేస్తాయి, కరిగాక ఆ నీరంతా రొట్టెకు పడుతుంది. మయొనేజ్ విరిగిపోతుంది. ఉడికించిన గుడ్డులో తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఫ్రిజ్‌లో కింది అరలో పెడితే చాలదా అని మా అమ్మ అడిగింది. చాలదు. రొట్టె బయట కంటే ఫ్రిజ్ చలిలోనే తొందరగా బిరుసెక్కుతుంది. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఆ మార్పు దాదాపు ఆగిపోతుంది.

ఇక స్కూలు. మా అమ్మాయికి ఇంటర్వెల్‌కు పండ్ల డబ్బా, మధ్యాహ్నానికి శాండ్‌విచ్ డబ్బా పెడతాను. నిన్న ఆకలేసి ఇంటర్వెల్‌లోనే రెండోది తెరిచింది. మధ్యభాగం ఇంకా గడ్డగానే ఉంది. టీచర్ చూసి కోఆర్డినేటర్ మేడమ్‌కు చేరవేశారు. వాళ్లు మొదట ఫోన్ చేసింది మా ఆవిడకు. ఆమె వార్డులో ఉండి ఎత్తకపోతే, అప్పుడు నాకు. అర్జెంటుగా రమ్మన్నారు. పిల్ల పడిపోయిందేమోనని ఆఫీసులో చెప్పీ చెప్పకుండా పరుగెత్తాను.

వెళ్తే మేడమ్ గారి బల్ల మీద ఫాయిల్ విప్పిన నా శాండ్‌విచ్! ఫీజు కట్టడానికి వచ్చిన ఇద్దరు తల్లులు, ఆయా, అందరూ చూస్తున్నారు. "ఇది పిల్లలు తినేదేనా సార్? రాయి" అంటూ ఆవిడ పెన్ను మూతతో పొడిచి చూపించబోయారు. నేను వెళ్లేసరికే అది కరిగిపోయింది. మూత మెత్తగా దిగబడి, అంచున పచ్చగా కూర బయటికొచ్చింది. ఒక తల్లి నవ్వు ఆపుకోవడం నేను చూశాను.

ఆవిడ మాత్రం తగ్గలేదు. "పాప వాళ్ల అమ్మగారు ఊళ్లో లేరా అండీ?" అని అడిగారు. ఉన్నారన్నాను. "మరి మీరెందుకు కడుతున్నారు?" నాకు నోట మాట రాలేదు. "పోనీ మా క్యాంటీన్‌లో కట్టేయండి, వేడి వేడిగా పెడతాం" అనేసరికి అసలు సంగతి అర్థమైంది. ఆ క్యాంటీన్‌లో అమ్మే ఫ్రెంచ్ ఫ్రైస్ ఫ్రీజర్ కవర్లోంచి కాక, నేరుగా పొలంలోంచి వస్తున్నాయా?

ఇంటికొచ్చాక నాకు జవాబులన్నీ తన్నుకొచ్చాయి. అమెరికాలో గట్టి అంచులు తీసేసి చుట్టూ మూసిన శాండ్‌విచ్‌కు 1999లో పేటెంటే ఇచ్చారు, తర్వాత దాని మీద కోర్టుల దాకా వెళ్లారు. దాన్ని గడ్డకట్టించే అమ్ముతారు, అక్కడ చాలామంది పిల్లలు బడికి పట్టుకెళ్తారు. పైగా గడ్డగా ఉండటమే మంచిది. వండిన పదార్థం మామూలు వేడిలో రెండు గంటలు, 32 డిగ్రీలు దాటితే గంట మించి ఉంచకూడదంటారు. పొద్దున ఏడింటికి వేడిగా కట్టిన పనీర్ కూర మధ్యాహ్నం దాకా బ్యాగులో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదు! చల్లగా వచ్చినదానికి మాత్రం విచారణ.

తల్లి ఇలాగే కట్టి పంపితే "పాపం, ఉద్యోగం చేస్తూ ఎంత కష్టపడుతోంది" అనేవారు. మా ఇంట్లో ఆలూ శాండ్‌విచ్ నాకంటే బాగా చేసేవాళ్లు లేరు. మా అత్తగారే ఒప్పుకున్నారు.

మీరూ చేయాలనుకుంటే డబ్బాను వేడి చొరబడని బ్యాగులో, జెల్ ఐస్ ప్యాక్‌తో పెట్టండి. ఎండాకాలం, ఒంటిపూట బడుల రోజుల్లో కీమా, చికెన్ జోలికి పోవద్దు. పెద్దవాళ్లకైతే ఫ్రీజర్‌లోంచి తీసింది తీసినట్టే పెనం మీద, సన్నని సెగపై మూతపెట్టి కాల్చుకోవచ్చు. నైట్ డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ ఇష్టంగా తినేది అదే. ఇంటర్వెల్ డబ్బా, లంచ్ డబ్బా వేర్వేరు రంగుల్లో కొనండి.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఆ ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి అడుగుతాను. మా ఆవిడ వద్దంటోంది.