ఇరవై మార్కులు ఫుట్‌పాత్ అక్కల చేతిలో

సోషల్ ఇన్నొవేషన్, అంటే జనం కష్టానికి కొత్త దారి వెతకడం, అనగానే మా డిగ్రీ పిల్లలకు గుర్తొచ్చేది యాప్. అందుకే మొదటి క్లాసులో చింతకింది మల్లేశం గురించి చెప్పాను. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టాలంటే, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, బడి మధ్యలోనే మానేసిన మనిషి ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నొప్పి ఎక్కడుందో ఆయనకు ఏ సర్వే చెప్పలేదు. పిల్లలు తలూపారు. తలూపడం వాళ్లకు బాగా వచ్చు.

కోర్సు పెట్టించడం పెద్ద కష్టం కాలేదు. సమాజంతో కలిసి నేర్చుకునే రెండు క్రెడిట్ల కోర్సు యూజీసీ 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. 30 గంటల్లో కనీసం సగం బయటే గడపాలి. ఆ కాగితం చూసి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టేశారు. "1969 నుంచి ఎన్ఎస్ఎస్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అని స్టాఫ్ రూంలో కొందరు గొణిగారు. ఎన్ఎస్ఎస్ మంచిదే. కాకపోతే అక్కడ నువ్వేం చేశావో లెక్క రాస్తారు, ఇక్కడ అవతలివాళ్ల దగ్గర ఏం నేర్చుకున్నావో అడుగుతాం.

అసలు తలనొప్పి టైంటేబుల్‌. ఫీల్డ్ వర్క్ ఆదివారం పెడితే క్లాసులు పోవని డిపార్ట్‌మెంట్ మాట. నా క్లాసులో చాలామంది మగపిల్లలు ఫుడ్ డెలివరీ చేసేవాళ్లే. "మేడమ్, సండే పోతే వారం పెట్రోల్ పోయినట్టే" అన్నాడొకడు. అమ్మాయిలకు 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి పథకంలో బస్సు ఉచితమే గానీ, సెలవు రోజు ఇంట్లోంచి కదలనివ్వరు. అంటే ఆదివారం ఖాళీగా ఉండగలిగినవాళ్లకే మార్కులన్నమాట! సమానత్వం నేర్పే కోర్సుకు ఇంతకంటే సిగ్గుచేటు ఉండదు. కొట్లాడి వారం మధ్యలో ఉదయం పీరియడ్లు తీసుకున్నాను. మగపిల్లల బస్సు చార్జీలు కాలేజీ నిధి నుంచి రాబట్టడం ఇంకో గొడవ, అది వదిలేయండి.

వెళ్లింది మెహిదీపట్నం రైతుబజార్‌కు. లోపలికి కాదు, లోపల అమ్మేది కార్డున్న రైతులు. బయట ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరుచుకున్న అక్కల దగ్గరికి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చిందని, వీధి వ్యాపారాల సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం వ్యాపారులే ఉండాలని, అందులో మూడోవంతు ఆడవాళ్లని పిల్లలు చదివి వినిపించారు. ఒకావిడ పాలకూర కట్టల మీద నీళ్లు చల్లుకుంటూనే, "గీ ముచ్చట మాకెందుకు బిడ్డా, మమ్మల్ని లేపెటోళ్లకు చెప్పున్రి" అంది.

మా బ్యాచ్‌లో చూపు లేని విద్యార్థి ఒకతను ఉన్నాడు. ఇంట్లో కూర్చుని రిపోర్ట్ టైప్ చేస్తే చాలన్నారు తోటివాళ్లు, మంచి మనసుతోనే. అతను ఒప్పుకోలేదు. ఫోటో అంటే కొంగు అడ్డం పెట్టుకునే అక్కలు గొంతు రికార్డు చేసుకుంటామంటే సరేనన్నారు, ఆ పని అతను తీసుకున్నాడు. రికార్డింగులు మళ్లీమళ్లీ విని, మిగతావాళ్లు దాటేసిన మాట పట్టుకున్నాడు: గిరిగిరి, అంటే రోజూ కొంత కట్టించుకునే ప్రైవేటు అప్పు.

"అప్పు పదివేలే అక్కా, చేతికెంత వచ్చింది?"

"ఎనిమిదిన్నర ఇస్తడు. దినాం వంద, వంద దినాలు కట్టాలె."

కామర్స్ పిల్లలు బోర్డు మీద లెక్కేస్తే, తగ్గుతూ వచ్చే బాకీ మీద వడ్డీ ఏడాదికి వంద శాతం దాటింది. వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి 2020లో వచ్చినప్పుడు మొదటి విడత అప్పు అదే పదివేలు, తాకట్టు అక్కర్లేదు, సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. తేడా చూపిస్తూ రంగుల కరపత్రం తయారుచేశారు. చదవగలిగినవాళ్లు సగం మందే. అది పక్కనపెట్టి తెలుగు, హైదరాబాదీ ఉర్దూ, లంబాడీల్లో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు చేశారు: ఏ కాగితాలు కావాలి, ఆధార్‌కు ఫోన్ నంబర్ ఎలా కలపాలి అని. కొందరికి అప్పు వచ్చింది. అడ్రస్ వేరే జిల్లాదని ఒక బ్యాంకు కొందరిని తిప్పి పంపింది. గిరిగిరి మానలేదు ఎవరూ. పొద్దున్నే ఇంటి గుమ్మంలోకి వచ్చే డబ్బు అది.

యాభైలో ఇరవై మార్కులు అక్కలే వేయాలని నా పట్టు. ఒక్కొక్కరి గురించి నోటితో అడిగాం. ల్యాప్‌టాప్‌లో స్లయిడ్లు చూపించిన కుర్రాడికి తక్కువ పడ్డాయి, "ఫస్టు రోజు అచ్చిండు, మల్ల రాలే" అని. గిరాకీ వచ్చినప్పుడల్లా మాట ఆపి పక్కకు జరిగి నిలబడ్డ అమ్మాయికి అందరికంటే ఎక్కువ.

ఎగ్జామ్ సెక్షన్ వాళ్లు మార్కుల పట్టిక తిప్పి పంపారు. బయటి ఎగ్జామినర్ అర్హత అన్న గడి ఖాళీగా ఉందట. "కూరగాయల వ్యాపారం, పాతికేళ్ల అనుభవం" అని రాసిచ్చాను. ఇంకా సంతకం కాలేదు.