కొవ్వాడలో వాడేసిన ఇంధనం ఎక్కడ పెడతారు?

శ్రీకాకుళం జిల్లాలో, మా రణస్థలం వైపు, కొవ్వాడలో పెడతామంటున్న అణువిద్యుత్ కేంద్రం మాటెత్తితే చాలు, చర్చ నేరుగా పరిహారం దగ్గరికి వెళ్లిపోతుంది. ఎకరానికి ఎంత, ఇంటికో ఉద్యోగం ఇస్తారా, కాలనీ ఎక్కడ కడతారు. భూమీ సముద్రమూ పోయేవాళ్లకి ఆ టెన్షన్ న్యాయమే. కానీ రియాక్టర్లో వాడేసిన ఇంధనం ఏమవుతుందని అడిగే నాయకుణ్ణి, ఏ పార్టీలోనైనా సరే, నేనింకా చూడలేదు.

ఇక్కడ ముందు జీఈ హిటాచీ కంపెనీ రియాక్టర్లన్నారు. తర్వాత గుజరాత్‌లోని మీఠీ విర్దీలో జనం ఒప్పుకోక, అక్కడ పెట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లని 2016లో మనవైపు తోశారు, మరుసటి ఏడాదే ఆ కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది (తర్వాత చేతులు మారి బయటపడిందిలెండి).

వాడేసిన ఇంధన కడ్డీలు రియాక్టర్లోంచి బయటికి తీశాక కూడా వేడి కక్కుతూనే ఉంటాయి, అందుకే ఏళ్లపాటు ప్లాంటులోనే లోతైన నీటి కొలనులో ఉంచాలి. మన దేశంలో వాటి నుంచి యురేనియం, ప్లుటోనియం వేరుచేసి, మిగిలిన తీవ్ర రేడియోధార్మిక వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరుస్తారు, తారాపూర్‌లో, కల్పాక్కంలో అందుకు ప్లాంట్లున్నాయి. దానివల్ల వ్యర్థం పరిమాణం బాగా తగ్గుతుంది, కాదనను. కానీ ఆ గాజు దిమ్మెల్ని శాశ్వతంగా పాతిపెట్టే చోటు ఇక్కడ లేదు. ఫిన్‌లాండ్ వాళ్లు 400 మీటర్లకు పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వారు. అదీ, వద్దనే హక్కున్న స్థానిక మున్సిపాలిటీ సరేనన్నాకే.

నేను అణువిద్యుత్తుకి బద్ధ వ్యతిరేకిని కాను. 2010లో సోంపేటలో థర్మల్ వద్దన్నవాళ్ల మీద కాల్పులు జరిగిన జిల్లా మాది, బొగ్గు మీద నాకు మోజేం లేదు. ఈసారి ఓట్లకొస్తే మాత్రం అడగండి, కడ్డీలు కొవ్వాడలో ఎన్నేళ్లుంటాయి, ఏ దారిన, ఎక్కడికి పోతాయి? జవాబు కాగితం మీద రాసిమ్మనండి.