తోక మీద నంబరు, పొట్ట కింద పలక

ఈ రోజు సెలవు. టిఫిన్ అయ్యాక టీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. డాలస్‌లో ఉండే మా బావమరిది రాత్రి ఎయిర్ షో ఫొటోలు పంపాడు. "బావా, ఇది నేవీ వాళ్ల టీ-28బీ అట. నీ లిస్టులో ఉందా చూడు" అని కింద మెసేజ్. పాత విమానాల పట్టిక రాసుకోవడం నా సరదా.

టీ-28 ట్రోజన్ అంటే నాకు మొదట్నుంచీ ఇష్టం. నార్త్ అమెరికన్ కంపెనీ చేసిన శిక్షణ విమానం, 1949లో తొలిసారి ఎగిరింది. అమెరికా వైమానిక దళం తీసుకున్న టీ-28ఏకి 800 హార్స్ పవర్ ఇంజన్, రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్. నేవీ తీసుకున్న టీ-28బీకి 1,425 హార్స్ పవర్, మూడు బ్లేడ్లు. ఫొటోలో మూడు బ్లేడ్లే ఉన్నాయి. ఒంటికి నేవీ రంగులు, తోక మీద 138తో మొదలయ్యే ఆరంకెల నంబరు. ఎవరికైనా బీ అనే అనిపిస్తుంది.

అయితే ఒక ఫొటోలో విమానం బాగా పక్కకు ఒరిగి మలుపు తిరుగుతోంది. దాన్ని పెద్దది చేసి చూశాను. బీ రకానికి పొట్ట కింద, గాల్లో వేగం తగ్గించే స్పీడ్ బ్రేక్ పలక ఉంటుంది, దాని అంచు గీత కనబడాలి. ఇక్కడ గీత లేదు, పొట్టంతా నున్నగా ఉంది. అంటే ఇది టీ-28ఏగా పుట్టి, తర్వాత పెద్ద ఇంజన్ పెట్టించుకున్నది. ఆ రంగులూ నంబరూ తర్వాత కొనుక్కున్నవాళ్లు ముచ్చటపడి వేయించుకున్నవి.

అలా మార్చిన వాటిలో రెండు ప్రధాన శాఖలున్నాయి. అమెరికా తయారుచేయించిన టీ-28డీలు లావోస్, దక్షిణ వియత్నాం యుద్ధాల్లోకి వెళ్లాయి. ఫ్రాన్స్ మాత్రం అరిజోనా ఎడారిలో నిలవ ఉన్న టీ-28ఏలను కొని, తమ విమాన కంపెనీ సూద్ ఏవియేషన్ చేత మార్పించి, ఫెనెక్ అని పేరు పెట్టింది. దాదాపు 150 విమానాలు. రెక్కల కింద మెషిన్‌గన్లు తగిలించి 1960 నుంచి 1962 దాకా అల్జీరియాలో వాడారు. అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక కొన్ని మొరాకోకు, కొన్ని అర్జెంటీనా నేవీకి చేరాయి. అక్కణ్ణుంచి కొన్ని ఉరుగ్వే దాకా వెళ్లాయి.

చేతులు మారినప్పుడల్లా నంబరు మారింది. అసలు అమెరికా వైమానిక దళం నంబరు 51-7692 లాంటిదనుకుందాం. 51 అంటే 1951 బడ్జెట్ సంవత్సరం. తోక మీద మొదటి 5 ఎగరగొట్టి 17692 అని రాస్తారు. అదే పద్ధతిలో రాస్తే 1941 నాటి నంబరు కూడా ఇలాగే ఉంటుంది, కాబట్టి విమానం రకం తెలియకుండా తోకను నమ్మి లాభం లేదు. ఫ్రాన్స్‌లో దానికి చిన్న వరస నంబరు ఇచ్చారు. తిరిగి అమెరికాకొస్తే ఎన్‌తో మొదలయ్యే పౌర రిజిస్ట్రేషన్. వీటన్నిటినీ ఒక్క తాటి మీదికి తెచ్చేది ఫ్యాక్టరీ నంబరు. 1951 ఆర్డర్ల టీ-28ఏకి అది 174తో మొదలవుతుంది, బీ అయితే 200 లాంటి వేరే అంకెలుంటాయి.

"కాక్‌పిట్‌లో రేకు ప్లేటు ఉంటుంది, దాని ఫొటో దొరుకుతుందా?" అని అడిగాను. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పంపాడు. పెయింటు పొరలు పేరుకున్నాయి. 174, గీత, ఆ తర్వాత 5 లాంటి అంకె, మిగతావి పూడుకుపోయాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

రంగులు ఎవరిష్టం వాళ్లది, కాదనను. కానీ ఈ విమానం అల్జీరియా కొండల మీద నిజంగా కాల్పులు జరిపిందైతే ఆ సంగతి దాని పేరు పక్కన ఉండి తీరాలి. ఆ కాల్పుల కింద ఊళ్లున్నాయి, మనుషులున్నారు. కుర్రాళ్లకు ఎగరడం నేర్పడానికి చేసిన యంత్రం ఆ పనికి ఎలా వెళ్లిందో నేవీ పెయింటు కింద కప్పేసి ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ప్రస్తుతానికి నా పట్టికలో "పుట్టుక: టీ-28ఏ, 1951 ఆర్డరు, మార్పు: డీ లేదా ఫెనెక్" అని రాశాను. పక్క నుంచి వెలుతురు పడేలా ప్లేటును మళ్లీ ఫొటో తీయమన్నాను, పెయింటు కింద చెక్కిన అంకెల నీడ తేలుతుంది. వచ్చే శనివారం వెళ్తానన్నాడు.