చివరి వరస

ఈరోజు పొద్దంతా ఒక అర మిల్లీమీటరు కోసం పోయింది. ఇంట్లో చెబితే నవ్వుతారని ఇక్కడ రాసుకుంటున్నా.

పని చిన్నదే. మధురవాడ వైపు కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంట్‌కి ఫ్లాట్ నంబర్ ప్లేట్లు. ఏడు అంతస్తులు, అంతస్తుకి పన్నెండు ఇళ్ళు, మొత్తం 84. నల్ల యాక్రిలిక్, 3 మి.మీ. మందం, 150 బై 100 సైజు, మధ్యలో తెల్ల అంకెలు, చుట్టూ బంగారు రంగు గీత. గొడవంతా ఆ గీతతోనే. అంచు నుంచి 3 మి.మీ. లోపలికి, నాలుగు వైపులా సమానంగా ఉండాలట. అంకె అర మిల్లీమీటరు పక్కకి జరిగితే దేవుడికి కూడా తెలీదు. గీత జరిగితే ఎడమ మూడున్నర, కుడి రెండున్నర అయి కూర్చుంటుంది, ఇక గుమ్మం ముందు చెప్పులు విప్పుకునే చుట్టానికి కూడా తెలిసిపోతుంది. ఈ అంచు గీతలు పెట్టే డిజైనర్లని ఒక్క రోజు తెచ్చి మా ప్రింటింగ్ మిషన్ బెడ్ పక్కన నిలబెట్టాలి. (నేనూ పదేళ్ళు డీటీపీ చేశాను, నేనూ ఇలాంటి గీతలు బోలెడు పెట్టాను. ఆ సంగతి వేరు.)

మా షాపు డాబాగార్డెన్స్‌లో ఒక సందు లోపల. కింద ఏసీ గదిలో ఫ్లాట్‌బెడ్ (బల్ల మీద పరిచిన ముక్క మీదే నేరుగా ఇంకు కొట్టే ప్రింటర్), పైన రేకుల షెడ్డులో సామాను. మిషన్ మీద నేను, నాకు సాయం ఒక కుర్రాడు. ఓనరుగారిని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన పొద్దున్నే వచ్చి "మజ్జానానికి ఇచ్చీగలవేటమ్మా?" అని అడిగారు, నేను ధైర్యంగా ఇచ్చేస్తానన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో తెలీదు.

మా మిషన్‌కి కళ్ళు లేవు. కెమెరా ఉన్నవి ఉంటాయి, ముక్క ఎక్కడుందో అవే చూసుకుని అక్కడ కొడతాయి, మాది ఆ రకం కాదు. బల్ల మూలలో ఒక సున్నా పాయింటు ఉంటుంది, అక్కడి నుంచి ఇన్ని మిల్లీమీటర్లు అని ఫైల్లో ఏముంటే అక్కడే ఇంకు వేస్తుంది, కింద ప్లేటు ఉందా బాబాయ్ ఫోను ఉందా అన్నది దానికి పట్టదు. ఒకసారి నిజంగానే ఫోను ఉంది, ఆ కథ ఇంకెప్పుడైనా. అందుకే జిగ్ కావాలి. పెద్ద యాక్రిలిక్ షీటులో ప్లేటు సైజు కిటికీలు లేజర్‌తో కోయించుకుని, ఆ షీటుని ఎడమ కింద మూలలో స్టాపర్లకి ఆనించి పడుకోబెడతాం. మాది 90 బై 60 సెంటీమీటర్ల బెడ్ కాబట్టి అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, దెబ్బకి 25 ప్లేట్లు. ఒక జిగ్ ప్రింటవుతుంటే ఇంకోదాంట్లో ముక్కలు పేర్చుకోవచ్చని రెండు కోయించాం. రెండూ నిన్న సాయంత్రమే వస్తే కుర్రాడు పైన షెడ్డులో పెట్టాడు.

పదింటికి ఒకటి కిందకి తెప్పించి బెడ్ మీద వేశాను. ప్లేట్లు పెట్టకముందు నేనెప్పుడూ చేసే పని ఒకటుంది. కిటికీల అడ్డంగా మాస్కింగ్ టేపు అంటించి, ప్రతి కిటికీ మూలలో సన్నటి ప్లస్ గుర్తు కొట్టి చూస్తాను. గీతల కూడలి కిటికీ మూల మీద పడితే సరే, లేకపోతే ఎంత జరిగిందో లెన్స్ పెట్టి చూసుకోవచ్చు. ఎడమ నుంచి మొదటి నిలువు వరస అచ్చుగుద్దినట్టు వచ్చింది. రెండోది పరవాలేదు. మూడోది కొంచెం అనుమానం. అయిదో వరసకి వచ్చేసరికి ప్లస్ గుర్తు కిటికీ మూలకి ఎడమగా, అర మిల్లీమీటరుకి పైనే వెనకబడి ఉంది.

అన్ని వరసలూ ఒకేలా జరిగితే భయం లేదు, సున్నాని అంత జరిపితే అయిపోతుంది. జరిగేది పెరుగుతూ పోతోందంటే కొలతలోనే తేడా ఉన్నట్టు. మొదట నన్ను నేనే అనుమానించుకున్నా. ఫైలు ప్రింటుకి పంపేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించు అనే టిక్కు పొరపాటున పడితే 98 శాతమో 99 శాతమో అయిపోతుంది, అలా ఒకసారి రెండు డజన్ల మొమెంటోలు పాడు చేశాను. చూశాను, లేదు, 100 శాతమే. ఇంకు కొట్టే హెడ్ తన చోటు చదువుకునే పట్టీ, ఎన్‌కోడర్ స్ట్రిప్ మీద ఇంకు తుంపర పడితే హెడ్ తానెక్కడుందో లెక్క తప్పుతుంది, దాన్ని మెత్తటి గుడ్డకి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడిచాను. అదీ కాదు. ఆఖరికి టేపు మీద 800 మి.మీ. దూరంలో రెండు గీతలు కొట్టి స్టీలు స్కేలు పెట్టి కొలిస్తే సరిగ్గా 800. మిషన్ నిర్దోషి. స్కేలు తీసి జిగ్ మీద పెట్టాను. కిటికీకి కిటికీకి 165 ఉండాలి, అంటే మొదటి కిటికీ నుంచి అయిదో కిటికీకి 660. అక్కడ 660 దాటి అర గీత పైకి చూపిస్తోంది.

దొరికాడు దొంగ అనుకున్నా. లేజర్ అన్నకి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. ఫైల్లో ఉన్నట్టే కోశానమ్మా అంటాడు, నా స్కేలు అబద్ధం చెప్పదు అంటాను, అలా ఓ పదిహేను నిమిషాలు నడిచింది. ఆ కోపంలో టీ తాగి, ఇప్పుడు కొత్త జిగ్ కోయించే టైము లేదు కాబట్టి ప్రింటునే 100.08 శాతానికి సాగదీద్దామని తెలివిగా నిర్ణయించుకుని, మళ్ళీ టేపు పరీక్ష చెయ్యకుండా (ఇక్కడే పడ్డాను) 25 ప్లేట్లూ పేర్చి కొట్టేశాను.

కుర్రాడు మొదటి ప్లేటు తీశాడు, బాగుంది. చివరి వరసలోది తీసి వెలుతురులో పట్టుకుని, "అక్కా, ఇందాక ఇటు పోయింది, ఇప్పుడేటి అటు పోనాది?" అన్నాడు. చూశాను. నిజమే. కుడివైపు గీత అంచుకి దగ్గరగా, ఎడమవైపు బోసిగా. చివరి రెండు వరసలు, పది ప్లేట్లు. నల్ల నున్నటి యాక్రిలిక్ మీద అప్పుడే వేసిన యూవీ ఇంకు లైటుకి గట్టిపడినా పూర్తిగా పట్టుకోవడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆల్కహాల్ పెట్టి రుద్దితే ఊడొచ్చింది, లేకపోతే పది ముక్కలు చెత్తలోకే. రుద్దుతున్నంతసేపూ కుర్రాడు ఏం మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అప్పుడే కరెంటు పోయింది. జులైలో విశాఖలో కరెంటు పోతే ఏమవుతుందో తెలుసుగా, అయిదు నిమిషాలకి జాకెట్టు వీపుకి అతుక్కుంటుంది. సరే, ఈలోపు రెండో జిగ్ అయినా సరిగ్గా ఉందేమో చూద్దాం, పట్రా అన్నాను. వాడు పై నుంచి మెట్లు దిగుతూనే "అక్కా, పెనంలాగ కాలిపోతంది" అంటూ గబుక్కున టేబుల్ మీద పడేశాడు.

మొదట వాడిని, పడేస్తే విరుగుతుందిరా అని తిట్టాను. తర్వాత చెయ్యి పెట్టి చూశాను. తర్వాత బెడ్ మీదున్న జిగ్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది.

రెండో జిగ్ తీసి మొదటిదాని మీద పెట్టాను, ఎడమ అంచులు రెండూ స్టాపర్లకి ఆనించి. కుడి చివరకి వెళ్ళి గోటితో పై నుంచి కిందకి గీరితే గోరు మెట్టు దిగినట్టు టక్కుమంది. పైది కిందదాని కంటే దాదాపు ముప్పావు మిల్లీమీటరు బయటికి ఉంది. ఒకే ఫైలు, ఒకే రోజు, ఒకే మిషన్ మీద కోసిన రెండు షీట్లు.

యాక్రిలిక్ వేడికి సాగుతుందని చదివే ఉన్నాను. మీటరు పొడవుకి, డిగ్రీకి సుమారు 0.07 మి.మీ. అల్యూమినియం కంటే మూడింతలు. చదివినప్పుడు ఓహో అనుకుని వదిలేశాను. ఫోనులో లెక్క కట్టాను. రేకుల కింద మధ్యాహ్నం నలభైకి తక్కువుండదు, ఏసీ గది 26. తేడా 14 డిగ్రీలు, జిగ్ పొడవు 86 సెంటీమీటర్లు, వెరసి 0.84. గోటికి తగిలింది అదే. పొద్దున పదింటికి షెడ్డు అంత కాలదు కాబట్టి తేడా అర మిల్లీమీటరు. నేను స్కేలు పెట్టి కొలిచింది వేడిగా ఉన్న జిగ్‌ని. లేజర్ అన్నతో దెబ్బలాడి టీ తాగి వచ్చేలోపు అది బెడ్ మీద హాయిగా చల్లబడి తన అసలు సైజుకి వచ్చేసింది. నేను మాత్రం వేడి సైజుకి ప్రింటు సాగదీసి కూర్చున్నా.

ముప్పావుగంట పోయాక మళ్ళీ గోటితో గీరాను. మెట్టు లేదు. కుర్రాడు కూడా గీరి చూసి, "బలేగుంది అక్కా, ఇంకోపాలి ఎండలో పెట్టి తెత్తునా?" అన్నాడు. వద్దు బాబూ అన్నాను.

లేజర్ అన్నకి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆయన నవ్వేసి, "మన దగ్గర కోసినప్పుడు చల్లగానే ఉన్నాది కదా చెల్లెమ్మా" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఒక అర కేజీ స్వీటు బాకీ.

కరెంటు వచ్చింది. ఆగి మళ్ళీ మొదలైన మిషన్‌ని నేను నమ్మను. హెడ్ ఇంటికి, అంటే తను మొదలయ్యే చోటికి, వెళ్ళి సెన్సర్‌ని తాకి తిరిగొస్తుంది, చాలాసార్లు అదే చోటికి వస్తుంది, ఒక్కోసారి వెంట్రుక వాసి తేడా ఉంటుంది. అందుకే పొద్దున టేపు మీద కొట్టిన ప్లస్ మీదే మళ్ళీ ప్లస్ కొట్టించాను. తేడా ఉంటే గీత రెండుగా కనిపిస్తుంది. లెన్స్‌లో ఒక్కటే గీత, కాస్త మందంగా. బతికాం.

ప్రింటు సైజు మళ్ళీ 100 శాతానికి మార్చి టేపు పరీక్ష చేస్తే అన్ని వరసలూ చక్కగా వచ్చాయి. ఇంకో చిల్లర గొడవ మిగిలింది, ముక్కలన్నీ 150 లేవు. వెర్నియర్ పెట్టి కొలిస్తే కొన్ని 149.4, ఎక్కువ భాగం 150 అటూఇటూ. అన్నిటినీ కిటికీలో ఎడమ మూలకే నెడతాం కాబట్టి చిన్న ముక్కకి ఎడమ 3 వచ్చి కుడి 2.4 అవుతుంది. పొట్టివన్నీ వేరే కుప్ప పోసి, వాటికి మాత్రం బొమ్మని 0.3 ఎడమకి జరిపాను. రెండు వైపులా 2.7. కన్ను 3 ఉందా 2.7 ఉందా అని చూడదు, అటూ ఇటూ సమానమా అనే చూస్తుంది. ఒక్కటే చిక్కు, 302 పొట్టి కుప్పలో ఉందా పొడుగు కుప్పలో ఉందా అని రాసుకోకపోతే నంబర్లు కలగాపులగం అవుతాయి. కుర్రాడు రాసుకున్నాడు, అంకెల వెనక చాక్‌పీసుతో పొ అని. రెండింటికీ పొ నే వస్తుందని నాలుగో అంతస్తు దగ్గర గానీ ఇద్దరికీ వెలగలేదు.

అన్నీ అయ్యేసరికి ఆరున్నర. "మజ్జానం" అన్న మాట బాబాయ్ ఎత్తలేదు, గోటి కథ విని, ఈసారి జిగ్ ఎండీఎఫ్‌తో చేసుకో అన్నారు. ఎండీఎఫ్ అంటే చెక్క పొట్టు నొక్కి చేసిన పలక, వేడికి పెద్దగా కదలదు గానీ మన సముద్రం గాలికి తేమ పీల్చి ఉబ్బుతుంది. ఏసీపీ షీటు మంచిది, దానికి రెండు వైపులా అల్యూమినియం కాబట్టి సాగేది మూడో వంతే. కాకపోతే దాన్ని మా లేజర్ అన్న మిషన్ కొయ్యలేదు, రౌటర్ (తిరిగే బిట్‌తో కోసే మిషన్) ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. చూద్దాం.

కంచరపాలెం చేరేసరికి ఎనిమిది. నాన్న వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు ఆఫ్‌సెట్ ప్రెస్సులో చేశారు, ఇంట్లో ఏది వంకరగా కనబడినా, గోడ మీద క్యాలెండరైనా చీర మడతయినా, "సైడ్ లే చూసుకున్నావేటి?" అంటారు. మిషన్‌లోకి పోయే కాగితం పక్క అంచుని ప్రతిసారీ ఒకే చోట ఆనించే ముక్క అది. ఇవాళ నేనే మొదలుపెట్టి కథంతా చెప్పాను. గోటికి మెట్టు తగిలిన దగ్గర తల ఊపారు.

"ఒంటి రంగు మిషన్ మీద నాలుగు రంగుల పని వస్తే కాయితం రెండ్రోజుల ముందే తెచ్చి మిషన్ గదిలో పెట్టీవోళ్ళం. లేకపోతే ఇయ్యాల పసుపు కొట్టి, రాత్రి వాన పడితే, రేపు ఎరుపు కొట్టేసరికి కాయితం సాగిపోయేది. బొమ్మకి రెండు మూతులు."

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"నువ్వు కాయితం మీద కొట్టవు కదా" అన్నారు.

అన్నం తింటుంటే గుర్తొచ్చి కుర్రాడికి ఫోన్ చేశాను, జిగ్‌లు ఎక్కడ పెట్టావురా అని. ఏసీ గదిలోనే అక్కా అన్నాడు. గోడకి ఆనించావా, వంగకుండా పడుకోబెట్టావా అంటే కాసేపు మాట్లాడలేదు. షట్టరు తాళం వాడి దగ్గరే ఉంది, ఇల్లు అల్లిపురంలోనే, వెళ్ళి పడుకోబెట్టి వస్తానన్నాడు.