నిప్పు రాలని తుపాకీ: నా అనుభవం

మొన్న శనివారం నా తుపాకీ పేలింది. కంగారు పడకండి, పేలాల్సిన చోటే పేలింది. దాని విడిభాగం అమ్మినవాళ్ల మీద కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మేముండేది పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ దగ్గర. 18వ శతాబ్దంలో జర్మన్ మాట్లాడే పనివాళ్లు ఇక్కడ స్థిరపడి పొడుగు గొట్టం చెకుముకి రైఫిళ్లు చేశారు. లోకం వాటిని కెంటకీ రైఫిళ్లంటుంది గానీ పుట్టిల్లు ఇదే. జర్మనీలోని మైన్జ్‌లో 1740లో పుట్టిన జేకబ్ డికర్ట్ లాంకాస్టర్‌లోనే తుపాకులు చేసి 1822లో పోయాడు. ఆ పద్ధతిలో నా చేత్తో ఒకటి చెయ్యాలని పట్టుదల. "కీబోర్డు కొట్టుకునేవాడికి వడ్రంగం ఎందుకండీ" అని మా ఆవిడ.

గొట్టం, లాక్ (ట్రిగ్గర్ నొక్కితే నిప్పు పుట్టించే భాగం) కొన్నాను. ఆ రోజుల్లో ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ చుట్టి అతికి గొట్టం చేసేవారు. నాకు అంత సీన్ లేదు. మిగతాదంతా ఉలి, ఆకురాయి, ఓపిక.

తుపాకీ కర్రభాగానికి వాడే చారల మేపుల్ కర్ర చూడ్డానికి ఎంత అందమో, చెక్కడానికి అంత మొండి. ఉలి కాస్త మొద్దుబారితే చార దగ్గర చెక్క లేచిపోతుంది. ఎనిమిది పలకల గొట్టాన్ని అందులో కూర్చోబెట్టాలి. ఇనుముకి దీపపు మసి పూసి, కర్రలో నొక్కి తీస్తే, ఎక్కడ తగిలిందో అక్కడ నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చ మాత్రమే గీకాలి. మళ్లీ మసి, మళ్లీ నొక్కుడు. చివరికి గొట్టానికీ కర్రకీ మధ్య కాగితం ముక్క కూడా దూరలేదు. ఈ ముక్క గొప్పగానే చెప్పుకుంటున్నాను.

మందూ గుండూ గొట్టంలోకి దించే గజకడ్డీకి రంధ్రం, ఇత్తడి బిగింపులు సాఫీగా అయిపోయాయి. నైట్రిక్ ఆమ్లంలో ఇనుము కరిగించి పూసి, వేడి చూపిస్తే కర్ర ఎర్రటి గోధుమరంగుకి తిరిగింది.

ఇక లాక్ సంగతి.

ట్రిగ్గర్ నొక్కితే లాక్ దవడలో బిగించి ఉన్న చెకుముకి రాయి వచ్చి ఫ్రిజెన్ అనే ఉక్కు పలకని గీకాలి, నిప్పురవ్వలు కింద పళ్లెంలో ఉన్న తుపాకీమందు మీద పడాలి. తుపాకులు పేల్చే రేంజ్‌కి తీసుకెళ్లి నొక్కాను. టక్. రవ్వ లేదు. మళ్లీ టక్. అప్పుడొకటి ఎర్రగా రాలి దారిలోనే ఆరిపోయింది. వీడియో కాల్‌లో చూస్తున్న మా నాన్న, "దీనికంటే మన దీపావళి చిచ్చుబుడ్డి నయం కదరా" అన్నారు.

చుట్టూ ఉన్న పెద్దమనుషులకి అప్పుడే పని దొరికింది. రాయిని తిరగేసి పెట్టమని ఒకాయన, అస్సలు తిప్పొద్దని ఇంకొకాయన. రాయి కింద తోలు బదులు సీసం పెట్టమని మరొకాయన. "మీ దేశంలో ఇలాంటివి ఉండవు కదా, అలవాటు లేదు" అని ఒకడు జాలిపడ్డాడు. టిప్పు సుల్తాన్ సైన్యం చేతిలో ఉన్నవి కూడా చెకుముకి తుపాకులేరా అబ్బాయ్ అందామనుకుని నోరు మూసుకున్నాను. పేలని తుపాకీ పట్టుకుని చరిత్ర పాఠం చెబితే ఏం బాగుంటుంది!

లాక్ అమ్మిన షాపుకి మెయిల్ పెట్టాను. రాయి మార్చమన్నారు, మార్చాను. పదునైన రాయి వాడమన్నారు, వాడాను. ఫొటోలు అడిగారు, పంపాను. ఆఖరికి "కర్రలో బిగించారు కాబట్టి వారంటీ వర్తించదు" అన్నారు. బిగించకుండా తుపాకీని ఏ గోడకి ఆనించి పేల్చాలో మాత్రం చెప్పలేదు. ఆ ఉత్తరం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్.

ఈ పనిలో తలపండిన ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మాట్లాడలేదు. ఫ్రిజెన్ ఊడదీసి, అంచు మీద ఆకురాయి ఒక్కసారి లాగాడు. ఇనుప పొడి రాలింది. సరిగా గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి, కొరకకూడదు. రవ్వలనేవి రాయి నుంచి రావు, రాయి గీకితే ఊడొచ్చే ఉక్కు రజనే మండుతుంది. ఉక్కు మెత్తగా ఉంటే రాయి దాన్ని గాడి పెడుతుందే తప్ప మండే రజను రాదు. నా ఫ్రిజెన్ నిండా ఆ గాళ్లే.

అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాం. తర్వాత ఎండుగడ్డి రంగు తేలేదాకా సన్నగా వేడిచేశాం. బిగించి చీకట్లో నొక్కితే, తెల్లటి రవ్వలు పళ్లెంలో పడి చిటపటలాడాయి. శనివారం అదే రేంజ్‌లో, అదే జనం ముందు మొదటి దెబ్బకే పేలింది. జాలిపడ్డవాడు అటు చూడలేదు. నేను మాత్రం వాడి వైపే చూశాను.

చేద్దామనుకునేవాళ్లకి: లాక్ చేతికొచ్చిన రోజే, కర్రని ముట్టుకోకముందే ఫ్రిజెన్ మీద ఆకురాయి లాగి చూడండి. షాపువాడి తియ్యటి మాటలు నమ్మకండి. ఉలి దగ్గర పిసినారితనం వద్దు. 1968 నాటి అమెరికా కేంద్ర చట్టం చెకుముకి తుపాకుల్ని పురాతన ఆయుధాల కింద లెక్కకడుతుంది, అయినా మీ రాష్ట్రం రూల్స్ చూసుకోండి. ఇండియాలో లైసెన్సు లేకుండా చేస్తే ఆయుధాల చట్టం కింద కేసే, అక్కడ ఈ సరదా వద్దు.

షాపుకి గాడి పడ్డ ఫ్రిజెన్ ఫొటో, పేలిన వీడియో రెండూ పంపాను. "అభినందనలు" అని జవాబిచ్చి, కొత్త కేటలాగ్ జతచేశారు.